హిల్కా చెట్టు మీద నల్లగొంతు పిట్ట

ఓస్మోకి పిట్టలంటే ప్రాణమని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా హిల్కా ముక్కుతో నవ్వేది. పక్కింటి మనిషి కాబట్టి ఆ ప్రాణం సంగతి ఆమెకి తెలిసినంతగా ఊరికి తెలియదు.

జనవరిలో పొద్దున తొమ్మిది దాటితే గాని ఉత్తరాన ఎక్కడో ఉన్న ఆ ఊరికి వెలుతురు రాదు. ఆ చీకట్లోనే ఓస్మో నెత్తికి లైటు కట్టుకుని బయటికి వచ్చేవాడు. తొడలోతు మంచులో పారతో దారి తవ్వుకుంటూ పెరట్లో గింజల తొట్ల దాకా వెళ్ళేవాడు. అది అలాంటి ఇలాంటి దారి కాదు. రెండు పక్కలా గోడలు చెక్కినట్టు, అడుగున చీపురుతో ఊడ్చినట్టు, మునిసిపాలిటీవాళ్ళు వచ్చి చూసి నేర్చుకోవలసినట్టు ఉండేది. అదే పారతో సొంత ఇంటి గుమ్మం ముందు మెట్లు మాత్రం ఏనాడూ గీకిన పాపాన పోలేదు. డిసెంబరులో ఒకరోజు అతని భార్య మర్యుత్ ఆ మెట్ల మీదే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమె కేక విని పరుగెత్తుకొచ్చి, కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది హిల్కా. ఓస్మో అప్పుడు పెరట్లోనే ఉన్నాడు. ఇంటికప్పు మీంచి మంచుపెళ్ళ జారిపడిందనుకున్నాడట. "ఆ చప్పుడుకి వడ్రంగిపిట్ట బెదిరిపోయి ఎగిరిపోయింది" అని ఆసుపత్రిలో భార్య మంచం పక్కన కూర్చుని బాధపడ్డాడు కూడా.

"ఎలాగూ వచ్చావు, నీ తలకాయకి కూడా ఓ ఎక్స్‌రే తీయించుకుని పో" అంది హిల్కా అక్కడికక్కడే.

హిల్కా మాటతీరే అంత. ముప్ఫై ఏళ్ళకి పైగా మెయిన్ రోడ్డు మీద సెలూన్ నడిపింది. ఊళ్ళో ఆమె చేతికింద తల వంచనివాళ్ళు లేరు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకున్నవాళ్ళు కుర్చీలో కూర్చుని చెప్పే కబుర్లు వినీ వినీ ఆ ముచ్చట అలాగే తీరిపోయింది. మోకాళ్ళు మొరాయించాక సెలూన్ మూసేసి, సరస్సు ఒడ్డున చిన్న ఇల్లు కొనుక్కుంది. ఆ ఇంటికి పక్కిల్లు ఓస్మోది కావడం ఒక్కటే అందులో తాను చూసుకోని లోపమని అంటుండేది.

ఓస్మో బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైనవాడు. పాఠం చెప్పే అలవాటు మాత్రం రిటైరు కాలేదు. ఊరి వారపత్రికలో 'పెరటి అతిథులు' అని ప్రతి చలికాలం ఒక శీర్షిక రాసేవాడు. "ఈ వారం మన ఎర్రరొమ్ము అతిథి సతీసమేతంగా విచ్చేసింది" లాంటి వాక్యాలు అందులో ఉండేవి. హిల్కా ఆ పేజీని పొయ్యి రాజేయడానికి విడిగా దాచి ఉంచేది. అతిథులట! గింజలు పడేస్తే తినడానికి వచ్చిన పిట్టలు. తిండి పడేస్తే తాను కూడా వెళ్తుంది, దానికి పత్రికలో రాయాలా?

మర్యుత్ మాత్రం హిల్కాకి పాత స్నేహితురాలు. సెలూన్ తెరిచిన మొదటి వారంలో వచ్చి కూర్చున్న మనిషి. చెయ్యి విరిగాక తల స్నానం చేసుకోలేక హిల్కా వంటింటికి వచ్చేది. సింకు మీద తల వంచి, సిమెంటు కట్టున్న చేతిని పక్కకి చాపి నిలబడేది.

"నీళ్ళు కాలుతున్నాయా?"

"లేదు, హాయిగా ఉంది. ఇవాళ ఆయన ఒకటే హడావిడి."

"దేనికి? యుద్ధానికా?"

"పిట్టల లెక్కకే. శని ఆదివారాలు దేశమంతా లెక్కపెడతారు కదా, ఎవరి పెరట్లో ఎన్ని వచ్చాయో. ఆయన కుర్చీకి కొత్త దిండు వేయించుకున్నాడు."

"దేశమంతా కిటికీల్లో కూర్చుని పిట్టల్ని లెక్కపెడుతుంటే, సరిహద్దు దాటి ఎవడొచ్చినా అడిగే దిక్కుండదు. కళ్ళు మూసుకో, సబ్బు పడుతుంది."

మర్యుత్ నురగలోంచే నవ్వింది. "నీకు ఎవరు ఏం చేసినా ఎగతాళే."

"ఎగతాళికి పనికిరాని పని ఒక్కటి చేసి చూపించమను మీ ఆయన్ని. ఊరుకుంటాను."

ఆ గురువారం పొద్దున హిల్కా ఫోను మోగింది. మర్యుత్. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఏమే, నీ చెట్టు మీద ఏదో కొత్త పిట్ట ఉంది. చూశావా?"

"నా చెట్టు మీద కాకి ఉన్నా నాకు కొత్తే. నేనెప్పుడు చూశాను?"

"కిటికీ దగ్గరికి రావే ఒక్కసారి. నాకోసం."

హిల్కా ఇంటికీ ఓస్మో ఇంటికీ మధ్య సరిహద్దులో ఒక ముసలి పుల్ల ఆపిల్ చెట్టుంది. అది హిల్కా వైపుది. ఆ కాయలు మనుషులు తినేవి కావు. కోయకుండా వదిలేస్తే చలికి మాడి, ముడతలు పడి, చలికాలమంతా కొమ్మలకే వేలాడేవి. ఓస్మో తన కుర్చీని ఇంటికి రెండో వైపు, తొట్లున్న వైపు వేసుకున్నాడు. చెయ్యి విరిగి పనిలేక కూర్చున్న మర్యుత్‌కి మిగిలింది ఈ వైపు వంటింటి కిటికీ.

హిల్కా కర్టెన్ జరిపింది. మంచు పేరుకున్న కొమ్మ మీద, మాడిన ఆపిల్ కాయల మధ్య, ఒక బూడిదరంగు పిట్ట కూర్చుని ఉంది. వీపు బూడిద, పొట్ట తెలుపు. గడ్డం కింద నుంచి రొమ్ము దాకా నల్లటి నలుపు. చలికి ఈకలు ఉబ్బించుకుని ఒక కాయని పొడిచింది, ముక్కు తుడుచుకుంది, మళ్ళీ పొడిచింది.

"తలకి రంగు వేయించుకోబోతే మెడ మీదంతా కారిపోయినట్టుంది" అంది హిల్కా ఫోనులో. "ఎవరో చేతకానివాళ్ళ దగ్గరికెళ్ళింది పాపం."

"పెరళ్ళలో తిరిగే రాస్తస్ పిట్టలాగే ఉంది. కానీ మన రాస్తస్‌కి గొంతు అలా ఉండదే. నేనెప్పుడూ చూడలేదు."

"మీ పండితుణ్ణి అడుగు మరి."

ఫోను పక్కన పెట్టకుండానే మర్యుత్ పిలిచింది. హిల్కాకి అంతా వినబడింది.

"ఓస్మో, ఒక్కసారి ఇటొచ్చి చూస్తావా? హిల్కా చెట్టు మీద నల్లగొంతు రాస్తస్ ఒకటి..."

"మామూలు రాస్తసే అయ్యుంటుంది. నీడ పడి నల్లగా కనిపిస్తోంది."

"నీడ కాదు. గీత గీసినట్టు..."

"మర్యుత్, ముందు కళ్ళద్దాలు తుడుచుకో. ఇక్కడ ఎర్రరొమ్ములు దిగుతున్నాయి, మాట్లాడకు."

మర్యుత్ మళ్ళీ ఫోనులోకి మెల్లగా, "నిజంగానే అద్దాలు మాసిపోయాయేమోలే" అంది.

"నా అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి" అంది హిల్కా. "దాని గొంతు నలుపే. మీ ఆయన బుర్ర కూడా."

శనివారం పొద్దున ఓస్మో కాఫీ కలుపుకోవడానికి వంటింట్లోకి వచ్చాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. కప్పు చేతిలోంచి జారిపోయింది. తర్వాత అతను పెట్టిన కేక హిల్కా ఇంట్లోకి, రెండు గోడలూ రెండు వరసల అద్దాలూ దాటి వినబడింది.

మధ్యాహ్నానికల్లా రోడ్డు పొడుగునా కార్లు. సైబీరియా నుంచి దారి తప్పి వచ్చిన పిట్టట. ఇలాంటివి ఎప్పుడో గాని రావట. వచ్చినవాళ్ళందరూ ఒకే దుకాణంలో కొన్నట్టు ఒకే రంగు కోట్లు వేసుకున్నారు. మెడల్లో బైనాక్యులర్స్, భుజాల మీద మూడు కాళ్ళ టెలిస్కోపులు. సున్నాకి పాతిక డిగ్రీల కింద చలిలో, మూతుల మీద మంచు పేరుకుంటుంటే, చర్చిలో ఉన్నట్టు గుసగుసలాడుకుంటూ నిలబడ్డారు. నిలబడింది ఎక్కడ? హిల్కా పెరట్లో. ఒక్కడైనా తలుపు తట్టి అడిగింది లేదు. ఆమె గూస్‌బెర్రీ పొదలు మంచుకింద ఉన్నాయని ఎవరికీ తెలియదు, తెలుసుకోనూ లేదు. ఒకాయన, ఆమె మంచు మీద తోసుకుంటూ వెళ్ళే మంచుబండిని తీసుకుని, దాని పీట మీద తన కెమెరా పెట్టుకున్నాడు.

హిల్కా కోటు తగిలించుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమయ్యా, అది నా బండి."

"ష్ష్! కాస్త మెల్లగా అమ్మా. ఎగిరిపోతుంది."

"ఎగిరిపోతే పోనీ. సైబీరియా నుంచి వచ్చింది కదా, దారి దానికి తెలుసు. నువ్వెక్కణ్ణించి వచ్చావు?"

"హెల్సింకీ నుంచి. రాత్రంతా కారు నడిపాను."

"ఒక పిట్టకోసం?"

"ఒక పిట్టకోసం" అన్నాడు ఆ పొడుగాటి మనిషి, అదేదో గొప్ప పతకం చూపించినంత గర్వంగా.

"మీ అమ్మని చూడ్డానికి ఎప్పుడైనా రాత్రంతా నడిపావా?"

అతను కన్ను టెలిస్కోపుకి అతికించుకున్నాడు. చుట్టుపక్కల రెండు మూడు కోట్లు కిసుక్కుమన్నాయి.

వాళ్ళందరి మధ్యా ఓస్మో పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో చేత్తో చూపిస్తున్నాడు. రేడియో నుంచి ఒకమ్మాయి మైకు పట్టుకుని వచ్చేసరికి టోపీ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చెప్పండి ఓస్మో గారూ, దీన్ని ఎలా కనిపెట్టారు?"

"అనుభవమమ్మా. ఏళ్ళ తరబడి కిటికీ దగ్గర కూర్చున్న కన్ను. మామూలువాళ్ళకి మామూలు రాస్తస్‌లాగే కనిపిస్తుంది. నాకు ఒక్క చూపు చాలింది."

"ఈ చెట్టు కూడా మీదేనా?"

"మా... సరిహద్దులో ఉంది. ఇలాంటి పాత చెట్లని కాపాడుకోవాలని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

గుమ్మంలో నిలబడి హిల్కా అంతా వింది. పోయిన శరదృతువులోనే ఓస్మో రంపం పట్టుకుని ఆమె తలుపు తట్టాడు. ఆ చెట్టు ఆకులు తన ఇంటి తూముల్లో పడి పూడిపోతున్నాయట, కొట్టించెయ్యమన్నాడు. "నువ్వు కొట్టించకపోతే నేనే మనుషుల్ని పిలుస్తాను" అని కూడా అన్నాడు. అదే నోరు, ఇప్పుడు అదే చెట్టు గురించి రేడియోలో! సిగ్గన్నది ఆ మనిషి పుట్టిన రోజున సెలవులో ఉన్నట్టుంది.

మర్యుత్ సంగతేమైందో చూద్దామని హిల్కా పక్కింటికి వెళ్ళింది. మర్యుత్ ఒంటిచేత్తో కాఫీ కాస్తోంది. వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇస్తామని ఓస్మో మాటిచ్చేశాడట. బల్ల మీద ఇంట్లో ఉన్న కప్పులన్నీ దించి ఉన్నాయి. యాలకుల బన్నులు కోయడానికి కట్టున్న మోచేత్తో అదిమి పట్టుకుంటోంది.

హిల్కా ఆమె చేతిలోంచి కత్తి లాక్కుంది.

"నువ్వు చూసిన పిట్ట అది. గురువారమే చూశావు. నాకు ఫోను చేశావు. ఆయన నీ కళ్ళద్దాలు తుడుచుకోమన్నాడు. ఇప్పుడు రేడియోలో తన కంటిచూపు గురించి డప్పు కొట్టుకుంటున్నాడు. నువ్వేమో ఆ డప్పు వినడానికి వచ్చినవాళ్ళకి బన్నులు కోస్తున్నావు."

"పోనీవే. ఆయన ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళైందో. నేను చూస్తే ఏంటి, ఆయన చూస్తే ఏంటి? పిట్ట అదే కదా."

"నీలాంటివాళ్ళుండబట్టే అలాంటివాళ్ళు అలా తయారవుతారు. ఒంటిచేత్తో సేవ చేస్తూ, పోనీవే పోనీవే అని. నిన్ను చూస్తే జాలి కూడా కలగట్లేదు నాకు. నవ్వొస్తోంది."

మర్యుత్ కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించింది. ఎప్పుడూ లేనిది ఆమె మొహం ఎర్రబడింది.

"నీకు ఎప్పుడు నవ్వు రాలేదు చెప్పు? పిట్టల్ని చూస్తే నవ్వు, చూసేవాళ్ళని చూస్తే నవ్వు, పెళ్ళిళ్ళంటే నవ్వు, నేనంటే నవ్వు. ఆ రోజు నేను ఫోను చేసింది ఎందుకో తెలుసా? అంత అందమైనదాన్ని చూశాక ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. ఆయన రాలేదు. నువ్వొచ్చావు, వచ్చి దానికి రంగు కారిపోయిందన్నావు. మీ ఇద్దరిలో ఎవరు నయం?"

హిల్కా కత్తి బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆవిరిస్నానానికి సౌనా గది వేడి చేసుకుని కూర్చుంది గాని, రాళ్ళ మీద నీళ్ళు పోయడం కూడా మర్చిపోయింది. మనసులో మర్యుత్‌ని తిట్టింది, ఓస్మోని తిట్టింది, సైబీరియాని తిట్టింది. ఎవరిని తిట్టినా తృప్తి కలగలేదు.

ఆదివారం జనం ఇంకా పెరిగారు. ఎండ కాసింది. ఆ ఎండకి వేడి లేదు గాని, మంచంతా కళ్ళు పొడిచేలా మెరిసింది. నల్లగొంతు పిట్ట పై కొమ్మ మీద నిండుగా కూర్చుని ఉంది. ఇంతమంది తనకోసం వచ్చారని దానికి తెలియదు, తెలిసినా దానికి కావలసింది ఆపిల్ కాయే.

ఓస్మో ఈసారి ఒక చెక్కపెట్టె తెచ్చుకుని, చెట్టుకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా దానిమీద ఎక్కాడు. పాఠం మొదలైంది. నల్లగొంతు పిట్ట ఏ అడవుల్లో పుడుతుంది, ఏ కొండలు దాటుతుంది, ఎక్కడ చలికాలం గడుపుతుంది. చేతికర్రతో గాలిలో పటం గీస్తున్నాడు.

"ఇక్కడ యెనిసెయ్ నది అనుకోండి. ఇక్కడినుంచి దక్షిణంగా రావలసిన పిట్ట, పడమటికి తిరిగింది. ఎందుకు తిరిగింది? ఎవరైనా చెప్పగలరా?"

ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే అదే క్షణంలో హిల్కా ఇంటి చూరు పక్కనుంచి ఒక డేగ విసిరిన రాయిలా దూసుకొచ్చింది. చప్పుడు లేదు. కొమ్మ ఒక్కసారి ఊగింది. మంచు పొడి రాలింది. నల్లగొంతు పిట్ట అరిచిందో లేదో కూడా తెలియదు. డేగ దాన్ని కాళ్ళతో పట్టుకుని కాస్త దూరంలో మంచు మీద దిగి, రెక్కలు గుడారంలా పరిచి, దాని మీద కూర్చుంది. బూడిద ఈకలు రెండు గాలికి మెల్లగా తేలి వచ్చాయి.

ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒక కెమెరా క్లిక్కుమంది. ఆ వెంటనే అన్నీ క్లిక్కుమన్నాయి. అరుదైన పిట్టని డేగ తింటున్న ఫోటో, వట్టి పిట్ట ఫోటో కంటే ఎక్కువ పలుకుతుంది కాబోలు. మంచులో అడ్డం పడుతూ, ఒకరినొకరు తోసుకుంటూ ముందుకి జరిగారు. నిన్నటిదాకా గుసగుసలాడిన భక్తులు వీళ్ళేనా అనిపించింది హిల్కాకి.

అందరూ చూశారు. చూడనివాడు ఓస్మో ఒక్కడే.

"ఎవరూ చెప్పలేరా?" అంటూ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అందరి కళ్ళూ తన భుజం మీంచి వెనక్కి పోవడం గమనించి తిరిగాడు. చెట్టు ఖాళీ. మంచు మీద డేగ.

"అయ్యో! అయ్యయ్యో! తోలండి దాన్ని! ఎవరైనా తోలండి!" టోపీ ఊపుకుంటూ పెట్టె మీంచి దూకాడు. రెండడుగులు వేసి నడుందాకా మంచులో కూరుకుపోయాడు. డేగ అతన్ని పసుపు కళ్ళతో ఒకసారి చూసి, భోజనం పట్టుకుని అడవిలోకి ఎగిరిపోయింది.

ఇద్దరు పట్టి లాగితే గాని ఓస్మో బయటికి రాలేదు. కనుబొమల మీద మంచు, కళ్ళలో నీళ్ళు. గుమ్మంలో ఉన్న హిల్కా కనబడగానే ఆ ఏడుపు కోపమైంది.

"అంతా నీవల్లే! చెట్టు చుట్టూ ఒక్క పొద పెరగనివ్వలేదు. దాక్కోవడానికి చోటు లేకుండా చేశావు. నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఇప్పుడు చల్లగా ఉందా నీ కడుపు?"

"పొదలు నీ స్నేహితుల బూట్ల కింద ఉన్నాయి, వెతుక్కో" అంది హిల్కా. అన్నదే గాని గొంతులో ఎప్పటి పదును లేదు. ఆ ఈకలు ఆమె మెట్టు దగ్గరే వచ్చి పడ్డాయి.

అప్పుడే హెల్సింకీ మనిషి జేబులోంచి పెన్ను తీసి, "ఓస్మో గారూ, పోయింది పోయింది. మా పిట్టల కమిటీకి వివరాలు పంపాలి. మొట్టమొదట ఎప్పుడు కనబడింది, ఎవరికి కనబడింది?" అని అడిగాడు.

ఓస్మో ముక్కు తుడుచుకున్నాడు. "నిన్న పొద్దున. నాకు."

"గురువారం. నాకు."

మర్యుత్ గొంతు. ఆమె ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఇంట్లో వేసుకునే ఉన్ని చెప్పులతోనే మంచులో నిలబడి ఉంది. భర్త కోటు భుజాన వేసుకుంది, దాని ఒక చెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

"గురువారం పొద్దున వంటింటి కిటికీలోంచి చూశాను. గొంతు నల్లగా, గీత గీసినట్టుంది. ఈయనకి చెప్పాను. కళ్ళద్దాలు తుడుచుకోమన్నాడు. హిల్కాకి చెప్పాను, హిల్కా లేచొచ్చి చూసింది. కాబట్టి హిల్కాని ఏమీ అనకు ఓస్మో. ఈ పెరట్లో నిల్చుని, ఆమెని ఏమీ అనకు."

కోపంగా అనలేదు. రేపటికి రొట్టె లేదని చెప్పినంత మామూలుగా అంది. వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ఒక కోటు నుంచి ఇంకో కోటుకి పాకింది. పొడుగాటి మనిషి కాగితం మీద పేరు కొట్టేసి, "మీ పేరు చెప్పండమ్మా" అన్నాడు. ఓస్మో పెట్టె చంకలో పెట్టుకుని, ఎవరి మొహం చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

గంటలో రోడ్డు ఖాళీ అయింది. పిట్ట లేకపోతే ఊరితో వాళ్ళకేం పని? మిగిలింది తొక్కిన మంచు, కాగితపు కప్పులు, మంచుబండి మీద ఎవరో మర్చిపోయిన చేతితొడుగు ఒకటి. హిల్కా దాన్ని తీసి చెత్తలో వేసింది.

ఓస్మో అలిగాడు. ఆ వారమంతా గుమ్మం దాటలేదు. వారపత్రికలో శీర్షిక రాలేదు. దానికెవరూ ఏడవలేదు గాని, గింజల తొట్లు కూడా ఎండిపోయాయి. చలి ఇంకా బిగిసింది. చలికాలమంతా అక్కడే తినడానికి అలవాటుపడ్డ పిట్టలు పొద్దున్నే వచ్చి, ఖాళీ తొట్ల అంచుల మీద వరసగా కూర్చుని, ఒకదాన్నొకటి పొడుచుకుని వెళ్ళిపోయేవి. మళ్ళీ వచ్చేవి. పసుపు పొట్టలవి ఓస్మో కిటికీ అద్దం మీద ముక్కుతో కొట్టేవి. అతను కర్టెన్ వేసుకున్నాడు.

చూసీ చూసీ హిల్కాకి ఒళ్ళు మండింది. పిట్టలంటే ప్రాణమన్న మనిషి! నలుగురు నవ్వారని ఆ ప్రాణాన్ని ఆకలికి వదిలేశాడు. మర్యుత్ గింజల బస్తాని ఒక చేత్తో ఈడ్వబోవడం కిటికీలోంచి కనబడేసరికి ఇక ఉండలేక, బూట్లు తొడుక్కుని వెళ్ళింది.

"వదులు. ఉన్న ఒక్క చెయ్యి కూడా విరగ్గొట్టుకుంటావు."

"నువ్వా?" అంది మర్యుత్. ఆ శనివారం తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"నేనే. నవ్వడానికి వచ్చాననుకో." కాస్త ఆగి, "ఆ గురువారం నాది తప్పే. బాగుంది ఆ పిట్ట. చాలా బాగుంది" అంది, బస్తా వైపు చూస్తూ.

మర్యుత్ మంచి చేత్తో హిల్కా టోపీని ఆమె చెవుల మీదికి లాగి సర్ది, ఇంట్లోకి వెళ్ళింది.

హిల్కా తొట్లు నింపింది. నింపుతూనే తిట్టింది. "రండి, మెక్కండి. సిగ్గులేని జాతి. నెత్తి మీద ఆ నల్లటోపీ ఒకటి మళ్ళీ. నీకు దువ్వెన ఎవరూ ఇవ్వలేదా?" పిట్టలు చెయ్యి తీసేదాకా కూడా ఆగలేదు. పిట్టల కోసం అమ్మే కొవ్వు ముద్దల్ని వాటి ప్లాస్టిక్ వలతో సహా కొమ్మలకి కట్టబోతుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"ఆ వల తీసెయ్యాలి."

ఓస్మో. గడ్డం మాసి ఉంది. పైజమా మీదే కోటు వేసుకున్నాడు.

"పాఠమా?" అంది హిల్కా.

"కాదు. కాళ్ళు చిక్కుకుంటాయి వాటికి. అలాగే వేలాడి చచ్చిపోతాయి."

నిజమే అయ్యుండాలి. అతను నిజం చెప్పడం ఆమెకి మరింత చిరాకు కలిగించింది. వలలన్నీ అతని చేతుల్లో కుక్కింది. "అయితే నువ్వే తియ్యి. అలకకి జీతం ఎవరూ ఇవ్వట్లేదు."

ఓస్మో తొడుగులు లేని వేళ్ళతో ఒక్కో వలా చింపాడు. వేళ్ళు నీలంగా మారుతున్నా ఆపలేదు. ముద్దల్ని తీగలతో అల్లిన గూటిలో ఒక్కొక్కటిగా పేర్చాడు. ఆ పని చేస్తున్నంతసేపూ నోరెత్తలేదు. నోరెత్తకపోతే మనిషి అంత చెడ్డగా కనబడడని హిల్కా మొదటిసారి గమనించింది. ఆ ఆలోచన ఆమెకేం నచ్చలేదు.

అన్నీ అయ్యాక అతను చెట్టు వైపు చూస్తూ అడిగాడు. "ఎలా పట్టింది?"

"ఏంటి?"

"డేగ. నేను చూడలేదు. అందరూ చూశారు. ఎటునుంచి వచ్చింది, ఎలా పట్టింది... ఎవరిని అడగాలో తెలియలేదు."

చెప్పడానికి హిల్కా దగ్గర మాటలు తయారుగా ఉన్నాయి. నువ్వు పెట్టె మీద నదులు గీస్తుంటే పట్టింది, నీ వీపు వెనక పట్టింది, ఇంకా అలాంటివి. ఒక్కొక్కటీ పదును పెట్టి ఉంది. కానీ ఆ మనిషి చెవుల చివర్లు చలికి తెల్లబడి ఉన్నాయి. టోపీ పెట్టుకోవాలని కూడా తోచలేదు వెధవకి.

"నన్నడుగుతావేంటి? నీ పెళ్ళాం కిటికీలోంచి మొదట్నుంచీ చివరిదాకా చూసింది. ఆవిణ్ణడుగు. అడిగి, నోరు మూసుకుని విను."

ఓస్మో తల ఊపి ఇంట్లోకి వెళ్ళాడు. హిల్కా ఖాళీ బస్తా మడిచి, గట్టు మీద పెట్టి, తన ఇంటికి బయల్దేరింది. చెట్టు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ వంటింటి కిటికీ ఎదురుగా ఉంది. లోపల దీపం వెలిగించి ఉంది. మర్యుత్ నిలబడి, కట్టున్న చేతిని పైకెత్తి, చూరు పక్కనుంచి ఏటవాలుగా కిందికి దింపి చూపిస్తోంది. ఓస్మో బల్ల దగ్గర కూర్చుని తలెత్తి చూస్తున్నాడు. మర్యుత్ మళ్ళీ మొదట్నుంచి చెయ్యెత్తింది. ఈసారి ఇంకా నెమ్మదిగా.

"రెండుసార్లు చెప్తే గాని ఎక్కదు మొద్దుకి" అనుకుంది హిల్కా. వాళ్ళు చూడకముందే తల తిప్పుకుని, చలికి తిమ్మిరెక్కిన వేళ్ళు చంకల్లో దాచుకుని, ఇంట్లోకి నడిచింది.